టోక్యోలో మా పేట సెంటో: 550 యెన్లకు స్నానం, ఇరుగుపొరుగు

ఎదోగావా వార్డులో మేముండే అపార్ట్‌మెంట్‌ నుంచి ఆరు నిమిషాలు నడిస్తే ఒక పాత సెంటో వస్తుంది. సెంటో అంటే డబ్బు కట్టి స్నానం చేసే స్నానశాల. రెండేళ్లుగా వారానికి రెండుసార్లయినా వెళ్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. పేరు మాత్రం రాయడం లేదు. డెబ్బై దాటిన దంపతులిద్దరే నడుపుకునే చిన్న చోటు, ఒక్కసారిగా జనం పెరిగితే వాళ్లకు కష్టం. టోక్యోలో వెతికితే ఇలాంటివి ఇంకా చాలా పేటల్లో ఉన్నాయి, నేను చెప్పేది చాలావరకు వాటికీ వర్తిస్తుంది.

ముందు ధర. పెద్దవాళ్లకు 550 యెన్లు, ప్రైమరీ స్కూలు పిల్లలకు 200, అంతకన్నా చిన్నవాళ్లకు 100. 2024 ఆగస్టులో పెంచిన రేటు ఇది. యుద్ధం అయిపోయాక 1946లో తెచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వు స్నానశాలల మీద ఇప్పటికీ అమల్లో ఉంది, అందుకే ఇంతకు మించి తీసుకోకూడదని ప్రభుత్వమే గీత గీస్తుంది. ఇళ్లలో స్నానాల గది లేని రోజుల్లో ఇది తిండీ బట్టా లాంటి అవసరమే మరి. ఓటా వార్డు వైపు కొన్ని సెంటోల్లో భూమిలోంచి తోడిన కాఫీ రంగు నీళ్లుంటాయి, కురోయు అంటారు, వాటికీ ఇదే ధర. సౌనాకు మాత్రం చాలాచోట్ల అదనంగా కట్టాలి. సూపర్ సెంటో అని బోర్డు పెట్టుకున్న పెద్దవాటి లెక్క వేరు.

గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంది. చెప్పులు చిన్న అరలో పెట్టి చెక్క బిళ్ల లాగితే అదే తాళం. ఆడ, మగ అన్న రెండు జపనీస్ అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకునే వెళ్లండి, మా దగ్గర ఇంగ్లీషు బోర్డు లేదు.

ఇక అందరూ నన్ను అడిగేది: బట్టలన్నీ విప్పేయాలా? అవును, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, స్విమ్‌సూట్ కుదరదు. ఆ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి రావడం మానడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. పదిమందిలో అలా నిలబడటం మనం పెరిగిన తీరుకు చాలా దూరం, ఆ బిడియం ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ లోపలికి వెళ్లాక నేను చూసింది ఎవరి పని వాళ్లు చేసుకోవడం: కూతురి వీపు రుద్దుతున్న తల్లి, నిద్రమొహంతో ఒక కాలేజీ అమ్మాయి, తొట్టి అంచు పట్టుకుని నెమ్మదిగా దిగుతున్న ఎనభై ఏళ్ల బామ్మ. నావైపు ఎవరూ తేరిపార చూడలేదు. పది నిమిషాల్లో నా టెన్షన్ పోయింది, మళ్లీ రాలేదు.

పద్ధతులు ఎక్కువ లేవు కానీ ఖచ్చితంగా పాటించాలి. పొట్టి పీట మీద కూర్చుని, పక్కవాళ్ల మీద నురగ పడకుండా, శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలోకి దిగాలి. టవల్ నీళ్లలో ముంచకూడదు, మడిచి తల మీద పెట్టుకుంటారు. బయటికి వచ్చేముందు ఒళ్లు తుడుచుకోకపోతే బట్టలు మార్చుకునే గది నేలంతా తడైపోతుంది, దీని గురించి వాళ్లకు నిజంగానే పట్టింపు ఎక్కువ. పచ్చబొట్లకు హోటళ్లలో, పెద్ద వేడినీటి బుగ్గల దగ్గర అభ్యంతరం పెడతారు గానీ పేట సెంటోల్లో చాలావరకు ఏమీ అనరు.

నాకు నడుము దాకా జుట్టు. మొదటి వారం కొప్పు జారిపోయి కొసలు నీళ్లలో తేలుతున్నాయి, నేను చూసుకోలేదు. పక్కనున్న బామ్మ నా భుజం మీద మెల్లగా తట్టి, తన మణికట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి, జుట్టంతా పోగుచేసి రెండు మెలికలు తిప్పి నడినెత్తిన ముడి వేసింది. నీళ్లలో నాని ముడతలు పడ్డ ఆ వేళ్లు నా మెడకు తగిలినప్పుడు మా అమ్మ చెయ్యి గుర్తొచ్చి కళ్లు తడిశాయి. ఆ బ్యాండు తిరిగి ఇస్తే తీసుకోలేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

జపనీస్‌లో హదాకా నో త్సుకియై అనే మాట ఉంది, బట్టల్లేని స్నేహం అని అర్థం. హోదా, ఉద్యోగం, ఖరీదైన బ్యాగు అన్నీ లాకర్లో వదిలేసి కూర్చుంటే మాట తేలిగ్గా వస్తుందని వాళ్ల నమ్మకం, నాకు అది అక్షరాలా నిజమైంది. నాలుగేళ్లుగా అదే బిల్డింగులో ఉంటున్నా పక్క ఫ్లాటు వాళ్ల పేరు తెలియదు. ఇక్కడ మాత్రం మా బాబుకు జ్వరమొస్తే ఏ పిల్లల డాక్టరు ఓపిగ్గా చూస్తాడో, పాత కుర్చీ పారేయాలంటే దానికి అతికించాల్సిన స్టిక్కర్ ఎక్కడ కొనాలో, మెత్తబడకుండా ముల్లంగి ఎలా ఉడకబెట్టాలో అన్నీ తొట్టిలోనే తెలిశాయి. నా జపనీస్ కూడా క్లాసులో కన్నా ఇక్కడే మెరుగైంది.

చూడటానికీ బాగుంటుంది. ఎదురు గోడ నిండా ఫుజి కొండ బొమ్మ. 1912లో టోక్యోలోనే కాందా అనే పేటలో కికాయియు అనే సెంటోలో మొదలైన అలవాటట, ఇప్పుడు వీటిని వేసే పెయింటర్లు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పసుపు ప్లాస్టిక్ చెంబుల అడుగున కెరోరిన్ అనే నొప్పుల మందు ప్రకటన ఉంటుంది, 1963 నుంచి ఇదే తంతు. స్నానం అయ్యాక ఫ్రిజ్‌లోంచి చల్లటి కాఫీ పాల సీసా తీసుకుని నిలబడే తాగాలి, వేడెక్కిన ఒంటికి ఆ మొదటి గుక్క దిగే సుఖం అనుభవిస్తే గానీ తెలియదు. డిసెంబరులో ఏడాదిలోకెల్లా పగలు పొట్టిగా ఉండే రోజున తొట్టిలో యుజు పళ్లు వదులుతారు, మన దబ్బకాయ వాసనకు దగ్గరగా గది అంతా ఘుమఘుమ. మే 5న పిల్లల పండక్కి షోబు (మన వస) ఆకులు వేస్తారు, మా వాడు ఒక ఆకు తలకు కట్టుకుని ఇంటిదాకా అలాగే వచ్చాడు.

లోపాలూ ఉన్నాయి. నీళ్లు 43 డిగ్రీలకు తగ్గవు. చన్నీళ్ల కుళాయి తిప్పాలంటే తొట్టిలో ఉన్నవాళ్లను అడగాలి, పెద్దవాళ్లు ఒప్పుకోరు. చలికాలంలో ఒకరోజు హాయిగా ఉందని పావుగంట కూర్చుంటే లేచేసరికి కళ్లు తిరిగాయి, యజమానురాలే వచ్చి బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించింది. కొత్తవాళ్లు మూడు నాలుగు నిమిషాలకోసారి బయటికి రండి. పక్కనే నీళ్లలో చిన్న కరెంటు వదిలే తొట్టి, దెన్కిబురో, ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. సబ్బు, షాంపూ మనమే తెచ్చుకోవాలి, నగదు మాత్రమే తీసుకుంటారు, మధ్యాహ్నం మూడున్నరకు గానీ తెరవరు. ఉదయం స్నానం అలవాటున్న మనలాంటివాళ్లకు ఈ చివరిది నిజంగా లోటు.

అయినా ఐదుకు ఐదు ఇస్తున్నాను. 1968 ప్రాంతంలో దేశమంతటా దాదాపు 18 వేల సెంటోలు ఉండేవి, ఇప్పుడు రెండు వేలు కూడా లేవు. ఇంధనం ఖర్చు పెరిగింది, నడిపే పిల్లల్లేరు. వెళ్లాలనుకుంటే ఇప్పుడే వెళ్లండి.

ఇన్నాళ్లూ మా వాడు నాతో ఆడవాళ్ల వైపే వచ్చేవాడు. 2022 నుంచి టోక్యోలో ఏడేళ్లు నిండితే అది కుదరదు, మొన్న ఏప్రిల్లో వాడికి ఏడు నిండాయి. ఇప్పుడు నాన్నతో అటువైపు వెళ్తున్నాడు. రెండు వైపులకూ మధ్య గోడ కప్పు దాకా ఉండదు, ఇక్కడి కుటుంబాలు దాని మీదుగానే పిలుచుకుంటాయి. మొదటిరోజు నేను తల కడుక్కుంటుంటే అటునుంచి గట్టిగా, "అమ్మా, నేను వచ్చేస్తున్నా!" అని కేక. నేను బదులిచ్చేలోపే తొట్టిలోని బామ్మ గోడ వైపు తిరిగి, హై హై (సరే సరే), అమ్మ వస్తోంది, అని జపనీస్‌లో జవాబిచ్చింది.