నలభై గళ్ళనుడికట్టుల పుస్తకం: ఆధారాలు బాగున్నాయి, వివరణలే లేవు

గత జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక మూల దుకాణంలో వంద రూపాయలు పెట్టి ఒక సన్నపాటి పుస్తకం కొన్నాను. అరవై నాలుగు పేజీలు, నలభై గళ్ళనుడికట్టులు (ఇంగ్లీషులో క్రాస్‌వర్డ్ అనేవి), ఒక్కొక్కటి అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది గడులు. కూర్పరి కలంపేరుతో రాశారు. నేను ఎత్తిచూపబోయే లోపాలు కొన్ని నా చేతికి వచ్చిన ప్రతికి మాత్రమే చెందినవి కావచ్చు గనుక పుస్తకం పేరు, ప్రచురించినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఆధారాల, అంటే గడులు నింపడానికి ఇచ్చే సూచనల, పద్ధతిని బట్టి, గళ్ళు నింపే అలవాటు ఉన్నవారు పుస్తకం కనబడగానే గుర్తుపడతారు.

వారపత్రికల్లో మనం చూసే గళ్ళలో చాలావరకు నేరుగా అర్థం అడిగేవే ఉంటాయి. 'కన్ను' అని ఇచ్చి మూడు గడులు చూపిస్తే 'నయనం' అని రాసి ముందుకు పోతాం. ఈ పుస్తకంలోని ఆధారాలు ఆ జాతివి కావు. ప్రతి ఆధారంలోనూ రెండు భాగాలుంటాయి: ఒకటి జవాబుకు నిర్వచనం, రెండోది ఆ జవాబు అక్షరాలు ఎలా వచ్చాయో చెప్పే నిర్మాణం. రెండూ అతుకు కనిపించకుండా ఒకే వాక్యంలో కలిసిపోయి, పైకి వేరే ఏదో కథ చెబుతున్నట్టు ఉంటాయి. ఆ కథను నమ్మితే జవాబు దొరకదు.

ఈ ఆట పుట్టింది మన దగ్గర కాదు. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన గళ్ళతో మొదలై, 1920లలో ఇంగ్లండు చేరి అక్కడ ఈ మెలికల రూపం తీసుకుంది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు చేపట్టాక దీనికి పదబంధ ప్రహేళిక అనీ గళ్ళనుడికట్టు అనీ పేర్లు నిలిచాయి. ఆట పరాయిదే అయినా అందులోని కిటుకులేవీ మనకు కొత్త కాదు. బోయవాడు 'మరా మరా' అని జపిస్తే అది 'రామ' అయిందన్న కథ తెలిసిన పిల్లవాడికి అక్షరాలు తిరగేయడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒకే పద్యానికి రామాయణ భారతాలు రెండింటినీ పట్టించిన పింగళి సూరన రాఘవపాండవీయం పుట్టిన భాషలో శ్లేష గురించి ఉపన్యాసం అవసరం లేదు.

పదకొండవ నుడికట్టు దగ్గరే నేను నాలుగు రోజులు ఆగిపోయాను కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను. మొదటి అడ్డం ఆధారం 'తల తిప్పితే తీగ (2)'; చివరి అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. పైకి చూస్తే ఎవరో మెడ తిప్పి పాదు వైపు చూసినట్టుంది. 'తల' అన్న రెండక్షరాలనే తిప్పితే 'లత' వస్తుంది, తీగ అంటే లతే. రెండో ఆధారం 'ఎటు నుంచి చూసినా వేషమే (3)'. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా మారని మూడక్షరాల మాట కావాలి, అది వేషం కట్టడానికి సంబంధించినదై ఉండాలి: 'నటన'. 'చిలుకలు వచ్చి దాచిన పువ్వు (3)' అన్నది ఇంకా ముచ్చటగా ఉంది. ఏ పువ్వును చిలుకలు దాస్తాయని ఆలోచిస్తూ జామతోటల్లో తిరిగాను గానీ, 'చిలుకలు వచ్చి' అన్న అక్షరాల నడుమనే 'కలువ' దాక్కుని ఉందని గమనించడానికి చాలాసేపు పట్టింది. కళ్ళెదుట అచ్చు వేసి ఉన్న జవాబును వెతుక్కోవలసి రావడంలో ఉన్న సిగ్గు, సరదా రెండూ ఈ ఆటకే చెల్లుతాయి.

'సవతి సర్దుకుంటే ఉండటానికి చోటు (3)' అన్న నిలువు ఆధారం నాకు పుస్తకం మొత్తంలో బాగా నచ్చిన వాటిలో ఒకటి. ఇక్కడ 'సర్దుకుంటే' అన్న మాట కాపురానికి సంబంధించినది కాదు, 'సవతి' అన్న మూడక్షరాలు చోట్లు మార్చుకోవాలని సూచన. సర్దితే 'వసతి' అవుతుంది. వాక్యం సంసారపక్షంగా ఉంటూనే లోపల లెక్క తు.చ. తప్పకుండా సరిపోవడం అంత తేలికగా కుదిరే పని కాదు. అలాగే 'టిఫిన్ తర్వాత తగిలింది, ఎండలో తిరిగినందుకే (4)' అన్నదానికి టిఫిన్ 'వడ', తగిలింది 'దెబ్బ', రెండూ కలిస్తే ఎండలో తిరిగినవాడికి వచ్చే 'వడదెబ్బ'. టిఫిన్ అనగానే ఇడ్లీ, దోసె, ఉప్మా అంటూ హోటలు పలక మొత్తం చదివాను గానీ వడ దగ్గరకు ఆఖరున చేరాను. వడదెబ్బలోని 'వడ' వేడికి సంబంధించిన మాట, తినే గారెతో దానికి చుట్టరికం లేదు. ఆ తేడాను దాచి రెంటినీ ఒకటిగా చూపడమే ఈ ఆధారంలోని చమత్కారం.

కాస్త పాండిత్యం అడిగేది 'లక్ష్మి నడుమ వచ్చినా వినం, ఎగిరిపోతుంది (3)'. మాధవుడు అన్న పేరును విడగొట్టి చూసినవారికి 'మా' అంటే లక్ష్మి అని తెలుస్తుంది. 'వినం' అన్న రెండక్షరాల నడుమ ఆ 'మా'ను కూర్చోబెడితే 'విమానం', ఎగిరిపోయేది. ఇక్కడ ఒక్క అక్షరం వృథాగా లేదు. 'నిండిన చెరువుకు కోపమొస్తే (3)' అన్నది మాత్రం పాండిత్యం అడగదు, ఊరు అడుగుతుంది. నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే చోటు అలుగు, కోపమొచ్చినవాడు చేసే పని అలుగు. వానాకాలంలో చెరువు అలుగు దూకిందని విన్నవారికి అర నిమిషంలో తట్టే ఈ జవాబు, అపార్ట్‌మెంట్లలో పెరిగిన మా పిల్లలకు వివరించడానికి పావుగంట పట్టింది.

నాలుగు రోజులు నన్ను ఆపినది ఇది: 'ఆవును రమ్మని పిలిస్తే పైరు వైపు పారేది (4)'. 'వసతి' నిలువుగా దిగింది గనుక మూడో గడిలో 'వ' ఉందని తెలుసు. పైకి చూస్తే పిలిచినా వినకుండా చేలోకి పరుగు తీసే కొంటె ఆవు కథ. అందుకని జవాబు ఆవుకు సంబంధించినదే అనుకుని, గడుగ్గాయి ఆవుకు ఏం పేరుందా అని నిఘంటువు తిరగేశాను. తర్వాత, ఆవుకు 'గో' వేసి, రమ్మనడానికి 'రా' వేస్తే 'గోరా' అయింది, అక్కడ బండి ఆగింది. నాలుగో రోజు సాయంత్రం మా మేనత్త నిజామాబాద్ వైపు నుంచి వచ్చింది. ఆమెకు గళ్ళతో పనిలేదు గానీ ఇరవై ఏళ్ళు పాడి చేసిన మనిషి. విసుగుతో ఆధారం పైకి చదివితే, “ఆవును రా అంటే వస్తదా అల్లుడా? దా, దా అనాలె” అంది. గో, దా, ఆపైన పైరు అంటే వరి. గోదావరి. 'పారేది' అంటే పరుగు తీసేది అని నేను చదువుకున్నాను, కూర్పరి ప్రవహించేది అన్న అర్థంలో పెట్టారు. సంస్కృతం నుంచి ఒక అక్షరం, పల్లె పిలుపు నుంచి ఒకటి, పొలం నుంచి రెండు తెచ్చి ఒక నదిని కట్టిన ఈ ఆధారం ఒక్కదానికే నేను పెట్టిన వంద రూపాయలు చెల్లిపోయాయని నా లెక్క.

ఇక కూర్పరి తప్పిన చోట్లు. ఇంగ్లీషు కూర్పరుల్లో అఫ్రిట్ అన్న కలంపేరుతో రాసినాయన 1949లో ఒక నియమం పెట్టాడు. ఆధారంలోని మాట ఉద్దేశించిన అర్థమే పైకి ఇవ్వనక్కర్లేదు గానీ, కూర్పరి ఉద్దేశించినదాన్ని మాత్రం ఆ మాటలు కచ్చితంగా చెప్పి తీరాలి అని దాని సారాంశం. మోసం చేయవచ్చు, అబద్ధం ఆడకూడదన్నమాట. ఈ కొలబద్దతో చూస్తే ఇరవై మూడో నుడికట్టులోని 'తిరగబడ్డ లంకకు సమయం వచ్చింది (2)' నిలవదు. లంకను తిరగేస్తే 'కలం' వస్తుంది, నేను పెన్నుతోనే ధీమాగా అది రాశాను. సమయానికీ కలానికీ ఏం సంబంధమని అనుమానం రాకపోలేదు గానీ నిర్మాణం అంత స్పష్టంగా ఉన్నప్పుడు నిర్వచనం నాకే అందలేదేమో అనుకున్నాను. తర్వాత నిలువుగా 'కాటుక' దిగేసరికి మొదటి గడిలో 'కా' కావలసి వచ్చింది. వెనక జవాబుల్లో 'కాలం' అని ఉంది. దానికి 'లంకా' అని దీర్ఘంతో తిరగబడాలి. సంస్కృతంలో ఆ మాట దీర్ఘాంతమే అని ఎవరైనా సమర్థించవచ్చు గానీ, ఆధారంలో అచ్చు వేసింది తెలుగు లంకనే. 'తల తెగిన పకోడి కూత పెట్టింది (2)' కూడా ఇంతే. జవాబు 'కోడి' కుదరడం కోసం పకోడీని కురచ చేశారు. నూనెలో వేగే పకోడీకి దీర్ఘం ఉంటుందని ఏ బండి దగ్గర బోర్డు చూసినా తెలుస్తుంది. నవ్వించింది గనుక దీన్ని క్షమిస్తాను, లంకను క్షమించను.

గుణింతం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే తెలుగు గడిలో పడేది విడి వర్ణం కాదు, గుణింతంతో, ఒత్తుతో కలిసిన నిండు అక్షరం. ఇంగ్లీషులో కలిసే గడిలో ఒక అక్షరం తెలిస్తే ఇంకా ఎన్నో మాటలకు దారి ఉంటుంది. తెలుగులో ఒక గడిలో 'ణ్య' అని తెలిస్తే జవాబు సగం చేతికొచ్చినట్టే. కాబట్టి కూర్పరి ఒక దీర్ఘం తప్పితే అది అచ్చుతప్పుగా మిగలదు, దాన్ని నమ్ముకుని నింపిన నాలుగు మాటలను కూడా పాడుచేస్తుంది. పొల్లు అక్షరాల విషయంలోనూ ఒక పద్ధతి లేదు. ఒక నుడికట్టులో చివరి 'న్'కు విడిగా గడి ఇచ్చి, మరో రెండు నుడికట్టుల్లో దాన్ని ముందు అక్షరంతో కలిపేశారు. ఏ పద్ధతి అయినా అభ్యంతరం లేదు, మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.

అచ్చు మాటకొస్తే, గడులు చిన్నవి. 'లత', 'నటన' ఇమిడినంత హాయిగా 'స్త్ర', 'క్ష్మి' ఇమడవు, కింది ఒత్తు పక్క గడిలోకి జారి అక్కడి నంబరును కప్పేస్తుంది. కాగితం పలుచన, రబ్బరుతో రెండుసార్లు తుడిస్తే చిరిగిపోతుంది. పెన్సిలుతో మొదలుపెట్టమని సలహా ఇస్తాను గానీ మెత్తటి పెన్సిలు వాడాలి.

వీటన్నిటికంటే పెద్ద కొరత వేరే ఉంది. చివరి ఎనిమిది పేజీల్లో జవాబులు ఇచ్చారు, వివరణ ఒక్కదానికీ ఇవ్వలేదు. సామెతకు అర్థం చెప్పనక్కర్లేదేమో గానీ, మెలిక ఆధారానికి జవాబు ఒక్కటే ఇవ్వడమంటే తాళం తీసి తాళంచెవి దాచుకున్నట్టే. 'విమానం' అని చదివితే నాకు ఏం తెలిసింది? 'మా' అంటే లక్ష్మి అన్న సంగతి తెలియనివాడు ఆ జవాబు చూసి, కూర్పరికి మతి తప్పిందనుకుంటాడు. ఈ ఆటలో కొత్తవారు నిలబడేది ఒక ఆధారం ఎలా విచ్చుకుందో చూసి అదే కిటుకును మరోచోట వాడుకోవడం వల్లనే. నలభై నుడికట్టుల్లో నాకు ముప్పై ఆరు పూర్తయ్యాయి, ఆ ముప్పై ఆరింటిలోనూ జవాబు సరైనదే అయినా ఎందుకు సరైనదో తెలియనివి డజను వరకు మిగిలాయి. మార్జిన్లలో నేను రాసుకున్న వివరణలు చూసి మా బావమరిది పుస్తకం అరువడిగాడు. నుడికట్టుల కంటే ఆ రాతలే తనకు ఎక్కువ పనికొచ్చాయని తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పాడు.

ఇంగ్లీషు దినపత్రికల మెలిక గళ్ళు రోజూ నింపే అలవాటు ఉండి, తెలుగులో అంత పదునైనది దొరకదని వాపోయేవారు ఈ పుస్తకం తప్పక కొనవచ్చు. తెలుగు గళ్ళకే కొత్తవారు మాత్రం తెలిసినవారి పక్కన కూర్చుని మొదటి పది నుడికట్టులూ చేయడం మంచిది. రెండో సంపుటం రానుందని వెనక అట్ట మీద ఉంది. అది వివరణలతో వస్తే రెండు ప్రతులు కొంటాను. లేకుండానే వస్తే ఒక్కటే కొని, మా అత్త ఊరి నుంచి వచ్చేదాకా తెరవకుండా ఉంచుతాను.