చబ్బీ, ప్లంప్, స్టౌట్: బొద్దుకి ఏది సరి?

ఆఫీసులో కొత్తగా చేరినావిడ ఎలా ఉంటుందని ఒకరు ఫోన్‌లో అడిగితే, "కొంచెం చబ్బీగా" అన్నాను. ఆవిడ నా వెనకే ఉంది. రెండు రోజులు టీకి పిలిచినా రాలేదు. నా మనసులో ఉన్నది "బొద్దుగా" అన్న మాటే, అందులో చెడ్డ ఏముంది?

చిక్కంతా అక్కడే. బొద్దు పక్కన మనకి ఎప్పుడూ ముద్దు ఉంటుంది. సినిమా పేజీల్లో హీరోయిన్‌ని "బొద్దుగుమ్మ" అని రాసినా చాలామంది మెచ్చుకోలుగానే చదువుతారు. చబ్బీకి అంత చనువు లేదు. చబ్ అని యూరప్ నదుల్లో ఒక చేప ఉంది, ఒళ్ళు మందంగా ఉంటుంది. ఈ మాట దాన్నుంచే వచ్చిందంటారు. బూరెబుగ్గలు, మణికట్టు దగ్గర మడతలు పడే చేతులు ఉన్న పసిపిల్లలకైతే భేషుగ్గా సరిపోతుంది. పెద్దవాళ్ళని అంటే మాత్రం "లావయ్యావు" అని నవ్వుతూ అన్నట్టే.

ప్లంప్ సంగతి వంటింట్లో తేలుతుంది. ఎండుద్రాక్షని కాసేపు వేడి నీళ్ళలో వేస్తే ముడతలు పోయి, ఉబ్బి, నిగనిగలాడుతుంది చూడండి, అదీ ప్లంప్. కండపట్టిన కోడికీ ఇదే మాట. నలిగిన తలగడని తట్టి ఉబ్బించడాన్నీ ప్లంప్ చేయడమనే అంటారు. మనిషిని అనొచ్చు గానీ, ఎదురుగా అంటే కోడిని బేరమాడినట్టుంటుంది.

స్టౌట్‌కి పాత అర్థం గర్వం, ధైర్యం. ఇప్పుడు గట్టి కర్రకీ, దిట్టమైన గోడకీ వాడతారు. నల్లటి బీరుకి ఆ పేరొచ్చింది కూడా ఘాటు వల్లే. నడుం మందమైన నడివయసు పెద్దమనిషికి నప్పుతుంది. పసిపాపని స్టౌట్ అంటే పహిల్వాన్ గుర్తొస్తాడు.

పెళ్ళి సంబంధాల్లో మనం ఇంకోటి వాడతాం: "అమ్మాయి కాస్త హెల్దీ." ఆ మాట అమెరికాలో అంటే జబ్బేమీ లేదనుకుంటారు, అంతే.

నన్నడిగితే పాపాయికి చబ్బీ, ద్రాక్షకి ప్లంప్. పెద్దవాళ్ళ బొద్దుతనానికి ఈ మూడింట్లో ఏదీ వద్దు. ఆవిడ గురించి ఇప్పుడెవరైనా అడిగితే, "కళ్ళజోడు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటారు" అంటున్నాను.