మూడు రోజుల సెలవుకి దుబాయ్: దేరాలో దిగండి, గసగసాలు ఇంట్లో పెట్టి రండి

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎవరైనా దుబాయ్ పోతున్నానంటే "ఏం పని దొరికింది?" అనేదే మొదటి ప్రశ్న. చూడ్డానికి పోతున్నామంటే నవ్వుతారు. మేము హనుమకొండ నుంచి చూడ్డానికే పోయాం, నేను, మా ఆవిడ, పిల్లాడు, మా అమ్మ. రిపబ్లిక్ డే సోమవారం పడితే శని, ఆదివారాలతో కలిపి సెలవు దొరుకుతుంది, అక్కడ జనవరి అంటే పగలు కూడా హాయిగా తిరగొచ్చు. మే, జూన్‌లో టికెట్ చవకగా వచ్చిందని మాత్రం పోకండి, ఆ ఎండకి మాల్‌లో నుంచి కాలు బయట పెట్టలేరు, గ్లోబల్ విలేజ్ ఎగ్జిబిషన్ లాంటివి వేసవిలో మూసేస్తారు కూడా.

శంషాబాద్ నుంచి ఫ్లైట్ సుమారు నాలుగు గంటలు. ఇక్కణ్నుంచి కారులో పోయేవాళ్లు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కేయండి, ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది. టికెట్ కొనే ముందు ఏ టెర్మినల్‌లో దింపుతారో చూసుకోండి. 1, 3 టెర్మినళ్లలో మెట్రో లోపలికే ఉంది, 2లో లేదు, అక్కడ దిగితే టాక్సీయే. అర్ధరాత్రి దిగినా టాక్సీయే, ఆ టైంలో మెట్రో నడవదు.

అసలు డబ్బులు మిగిలేదీ, తగలబడేదీ హోటల్ దగ్గర. ఫొటోల్లో బుర్జ్ ఖలీఫా కనపడుతుందని డౌన్‌టౌన్‌లో రూమ్ తీసుకున్నవాళ్లు పొద్దంతా బయటే తిరుగుతారు, రాత్రి వచ్చి పడుకుంటారు, మరి ఆ కిటికీకి అంత రేటు ఎందుకో నాకు అర్థం కాదు. మేము దేరా అనే పాత ఏరియాలో, గ్రీన్ లైన్ మెట్రోకి నడిచిపోయే దూరంలో తీసుకున్నాం. రూమ్ చిన్నదే, కానీ కిందికి దిగితే ఇడ్లీ, దోసె, ఆంధ్రా భోజనం అన్నీ దొరుకుతాయి, అమ్మకి ఇంకేం కావాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. దేరాలో, బర్ దుబాయ్‌లో చాలా హోటళ్ల కింద డ్యాన్స్ బార్లు ఉంటాయి, తెల్లవారుజాము దాకా ఆ దబదబ పైకి వినపడుతుంది. ఫ్యామిలీతో పోయేవాళ్లు రివ్యూల్లో "నైట్ క్లబ్" అని వెతికి చూశాకే బుక్ చేయండి, మందు అమ్మని హోటల్ అయితే ఆ టెన్షన్ ఉండదు. ఆన్‌లైన్‌లో మొత్తం కట్టినా కౌంటర్‌లో టూరిజం దిర్హమ్ అనే పన్ను విడిగా అడుగుతారు, మోసం కాదు, హోటల్ స్థాయిని బట్టి రూముకి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా ఉంటుంది. దిర్హమ్ అంటే అక్కడి డబ్బు, 2025లో సుమారు 24 రూపాయలు ఉండేది.

తిరగడానికి నోల్ కార్డు చాలు, మెట్రోకి, బస్సుకి టికెట్ బదులు అదే. సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 బ్యాలెన్స్. మెట్రోలో ఆడవాళ్లకి, పిల్లలకి వేరే పెట్టె ఉంటుంది, మగవాళ్లు తొందరలో అందులో ఎక్కితే ఫైన్. లోపల తిన్నా, తాగినా, చివరికి చూయింగ్ గమ్ నమిలినా ఫైనే, మా వాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే స్టేషన్ వచ్చేదాకా మా ఆవిడ దాని మీద చెయ్యి తీయలేదు.

మొత్తం ట్రిప్‌లో నాకు బాగా నచ్చింది ఒక్క దిర్హమ్ పడవ. క్రీక్ అంటే ఊళ్లోకి వచ్చిన సముద్రపు పాయ, దాని మీద దేరా నుంచి అవతలి ఒడ్డున ఉన్న బర్ దుబాయ్‌కి అబ్రాలు నడుస్తాయి, చెక్క పడవ, మధ్యలో బల్ల, చుట్టూ కాళ్లు కిందికి వదిలి కూర్చోవడమే. పడవ కదిలాక నడిపేవాడు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకొని రెండో చెయ్యి చాపుతాడు, ముందున్నవాళ్లు వెనకవాళ్ల చిల్లర అందిస్తారు, మన షేర్ ఆటోలో లాగే. ఒడ్డున ఫ్రిజ్‌లు, టైర్లు ఎక్కించుకుంటున్న పెద్ద చెక్క ఓడలు. దీని ముందు రాత్రి డిన్నర్ క్రూజ్ తేలిపోయింది, బఫే చల్లారిపోయింది, పాటలు చెవులు పగిలేలా పెట్టారు.

బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, 2010లో తెరిచారు. 124వ అంతస్తు దాకా మామూలు టికెట్, సూర్యాస్తమయం టైముకి రేటు ఎక్కువ. మా బామ్మర్ది దుబాయ్‌లోనే ఏళ్లుగా కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నాడు, సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటాడు, ఆదివారం సెలవు కాబట్టి మాతో వచ్చాడు. టికెట్ తీస్తానంటే "ఎందుకు బావా, కింది నుంచే మంచిగ కనవడ్తది" అన్నాడు. బలవంతంగా ఎక్కించాను. పైన వాడు సముద్రం వైపు చూడనే లేదు, తను పని చేసిన బిల్డింగులు వెతికి వెతికి అమ్మకి చూపించాడు. మామూలుగా అయితే పిల్లలు గోల చేస్తే తప్ప పైకి అక్కర్లేదనేవాణ్ని, సాయంత్రం కింద ఫౌంటెన్ షో ఉచితమే. మెట్రో స్టేషన్ పేరులో దుబాయ్ మాల్ ఉంది కదా అని పెద్దవాళ్లని నడిపించకండి, స్టేషన్ నుంచి మాల్‌కి పోయే గాజు వంతెన చాలా పొడుగు.

ఎడారి సఫారీ బాగుంది, బుక్ చేసిన ఏజెంటే బాగోలేదు. అన్నీ కలిపే రేటు అన్నాడు, క్యాంపుకి పోయాక బైక్‌కి వేరే, ఫొటోకి వేరే. ఏవి కలిసి ఉన్నాయో మెసేజ్‌లో రాయించుకోండి. ఇసుక తిన్నెల మీద బండి ఎగరేస్తారు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దు. అమ్మని బామ్మర్దితో జెబెల్ అలీ గుడికి పంపాం, 2022లో తెరిచారు, ఆమెకి అదే ఎక్కువ నచ్చింది. అబుదాబి దగ్గర 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పెద్ద స్వామినారాయణ మందిరం సోమవారం మూసి ఉంటుంది, కాబట్టి అది శని, ఆదివారాల్లోనే పెట్టుకోండి.

సామాను సర్దేటప్పుడు మటన్ మసాలా పొడి తీసేయండి. అందులో వేసే గసగసాలు అక్కడ నిషేధం, పొట్లంలో దొరికితే మాదకద్రవ్యం కేసే అవుతుంది. బామ్మర్ది కోసం అమ్మ కట్టిన డబ్బాలో నుంచి మేము అదే తీయించాం. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులకి ముందే అనుమతి కావాలి. ఇక బంగారం. గోల్డ్ సూక్ అనే బంగారం బజారు చూడ్డానికి పోండి, కానీ నగల మీద కస్టమ్స్ డ్యూటీ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే, మూడు రోజులు తిరిగి వచ్చే మనకి కాదు. చుట్టాలు చెయిన్ తెమ్మంటే హనుమకొండ చౌరస్తాలోనే కొనుక్కోమనండి.