ప్రయాణంలో దక్కే కుర్చీలు: మూడు నమూనాల మీద ఒక సమీక్ష

బస బాగుందా, పరుపు మెత్తగా ఉందా, బండి వేళకు వచ్చిందా అన్న విషయాల మీద ప్రయాణికులు పేజీలకొద్దీ రాస్తారు గాని, ఆ ప్రయాణంలో గంటల తరబడి తమ బరువును మోసిన కుర్చీ గురించి ఒక్క వాక్యమైనా రాసేవారు అరుదు. మనం ఎంచుకోకుండానే మనకు దక్కే కుర్చీలివి. ఏ దేశం వెళ్ళినా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే మూడింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను: ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీ, విమానాశ్రయాల్లో ఒకే దూలానికి బిగించిన వరుస కుర్చీ, కేఫ్‌లలో కనిపించే వంపు కర్ర కుర్చీ. మొదటి నిమిషంలో దాదాపు ప్రతి కుర్చీ సుఖంగానే ఉంటుంది. రెండో గంటలో అది శరీరాన్ని కదలనిస్తుందా లేదా అన్నదే నా కొలబద్ద.

ఈ కొలబద్దకు కారణం మన శరీర నిర్మాణంలోనే ఉంది. నిటారుగా కూర్చున్నప్పుడు మన బరువులో అధికభాగం కటి అడుగున ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ఒకేచోట ఒత్తిడిని ఎక్కువసేపు భరించలేం కాబట్టే మనకు తెలియకుండానే ఇటూ అటూ ఒరుగుతాం, కాలు మీద కాలు వేసుకుంటాం, కాస్త ముందుకు జరిగి మళ్ళీ వెనక్కి వాలతాం. మరీ మెత్తని దిండు ఈ ఇబ్బందిని తీర్చదు సరికదా పెంచుతుంది. ఎముకలు అందులోకి దిగబడిపోయి, బరువు చుట్టుపక్కల కండరాల మీదికి మళ్ళుతుంది, పక్కకు కదలాలన్నా ఊతం దొరకదు. ఇక సీటు ఎత్తు మడమ నుంచి మోకాలి మడత దాకా ఉండే పొడవును మించితే, ముందంచు తొడల అడుగున ఒత్తి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మామూలుగా కుర్చీ సీట్లు 43 నుంచి 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. పొట్టివారికి అది ఎక్కువే గనుక, ముందంచు గుండ్రంగా కిందికి వంగి ఉండటం అలంకారం కాదు, అవసరం.

ఈ దృష్టితో చూస్తే, అందరూ చౌకబారుదని తీసిపారేసే ప్లాస్టిక్ కుర్చీ నిజానికి ఎంతో ఆలోచించి చేసిన వస్తువు. కెనడాలో డి. సి. సింప్సన్ 1946లోనే ఈ తరహా నమూనా ఒకటి రూపొందించారు. ఫ్రాన్స్‌లో ఆన్రీ మాసొనే 1972లో తెచ్చిన ఫొతాయ్ 300 అనే కుర్చీ తరువాత ఇలాంటి కుర్చీలు ప్రపంచమంతటా పాకాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గుళికలను సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, గట్టి ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తే, కాళ్ళూ సీటూ వీపూ చేతులూ అన్నీ ఒకే ముక్కగా బయటికొస్తాయి. ఒకసారి దాన్ని తిరగేసి చూడండి. సీటు అడుగున చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ లోపలికి వెళ్ళిన దారి సాధారణంగా అదే. కాళ్ళు బద్దల్లా చదునుగా కాకుండా నిలువునా మడిచినట్టు ఉంటాయి; ఆ మడత వల్లనే అంత పలుచని ప్లాస్టిక్ మనిషి బరువును వంగకుండా మోయగలుగుతుంది. సీటులోని రంధ్రాలు వాననీటిని నిలవనీయవు, వీపులోని చీలికలు గాలి ఆడనిస్తాయి, బరువునూ తగ్గిస్తాయి. వీటన్నిటి కంటే నాకు నచ్చిన గుణం దాని సాగుడు. వెనక్కి వాలితే వీపు భాగం కొద్దిగా మనతో పాటే వస్తుంది, తిన్నగా కూర్చుంటే తానూ తిన్నగా నిలుస్తుంది. దిండు లేకపోయినా గంటలు గడిచేది ఈ ఒక్క గుణం వల్లనే.

దోషాలు లేవని కాదు. ఉక్కపోతలో తొడలు సీటుకు అతుక్కుంటాయి. నున్నని నేల మీద బరువైన మనిషి వెనక్కి వాలితే వెనుక కాళ్ళు విచ్చుకుని జారవచ్చు. ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న కుర్చీ అతినీలలోహిత కిరణాల వల్ల పెళుసెక్కి, చాలాసార్లు వెనుక కాలు సీటును కలిసే చోటనే విరుగుతుంది. విరిగితే బాగుచేయడానికి అందులో విడిభాగం అంటూ ఏదీ లేదు. సీటును వేలితో రుద్దినప్పుడు తెల్లటి పొడి అంటుకుంటే, ఆ కుర్చీలో వెనక్కి వాలకపోవడమే మంచిది.

విమానాశ్రయపు వరుస కుర్చీకి మూలరూపాల్లో గొప్పది, అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం కోసం చేయగా 1962లో వచ్చిన టాండెమ్ స్లింగ్. పొడవైన ఉక్కు దూలం మీద అల్యూమినియం చట్రాలు నిలిపి, వాటి మధ్య మెత్తలను ఊయలలా బిగించారు. కాళ్ళు తక్కువ కాబట్టి నేల ఊడవడం సులువు, మెత్త చిరిగితే దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. ఈ నమూనాను ఇప్పటికీ చాలాచోట్ల చూస్తాం. దాని పోలికతో వచ్చిన చౌక రకాలు మాత్రం దూలాన్ని ఉంచుకుని సుఖాన్ని వదిలేశాయి. రంధ్రాలు పొడిచిన ఉక్కు రేకు ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది, ఏ మాత్రం సాగదు. పక్కవారు కాలు ఊపితే వరుసంతా కదులుతుంది. అన్నిటికంటే బాధ కలిగించేది ప్రతి సీటుకూ మధ్య కదలకుండా బిగించిన చేతిపట్టీ. ఎవరూ పడుకోకూడదన్న ఉద్దేశంతో దాన్ని పెడితే, రాత్రంతా విమానం కోసం ఎదురుచూసే తల్లి నిద్రపోతున్న బిడ్డను పక్కన పడుకోబెట్టుకునే వీలు కూడా ఉండదు. ఇది నిర్వాహకులు తెలిసి చేసిన నిర్ణయం కాబట్టి నేను దీన్ని క్షమించలేను.

వంపు కర్ర కుర్చీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మైకేల్ థోనెట్ 1859లో ఆస్ట్రియాలో తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఆవిరి పట్టి వంచిన బీచ్ అనే చెట్టు కర్ర ముక్కలు ఆరు, మరలు పది, నట్లు రెండు. విప్పి సర్దితే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. అందంలో, పొదుపులో దీనికి సాటి రాగలవి కొద్దిగానే ఉన్నాయి. పేము అల్లిక ఉన్న సీటు గాలి ఆడనిస్తుంది, బరువుకు తగినంత దిగుతుంది. అల్లిక తీసి ప్లైవుడ్ పలక వేసిన వాటిలో ఆ హాయి లేదు. వీపు వైపు వంపు కర్ర సన్ననిది కావడం వల్ల నడుముకు పూర్తి ఆనుకోలు దొరకదు, గంట దాటితే వీపు మీద కర్ర ఆనవాలు తెలుస్తుంది. కప్పు ఖాళీ అయ్యేదాకా కూర్చోవడానికి చేసిన కుర్చీ ఇది, ఆ పనిని నిండుగా చేస్తుంది.

మూడింటిలో దీర్ఘ నిరీక్షణకు నేను ప్లాస్టిక్ కుర్చీకే ఓటు వేస్తాను, అయితే చేతులున్న రకానికే. వృద్ధులు లేవడానికి చేతుల మీద బరువు మోపుతారు గనుక, ఆ చేతులు సీటు ముందంచు దాకా వచ్చి ఆగాలి. మధ్యలోనే ఆగిపోతే లేచే సమయంలో అవి అక్కరకు రావు. నిరీక్షణశాలలకు కుర్చీలు కొనే అధికారులు వరుసంతా ఒకే రకం తెప్పించకుండా, కొన్నిటికి చేతులు ఉంచి, కొన్నిటికి తీసేసి, రెండు మూడు ఎత్తుల్లో ఏర్పాటు చేస్తే పొట్టివారికీ పొడుగువారికీ, లేవలేనివారికీ, బిడ్డను పక్కన పెట్టుకోవాల్సినవారికీ వారి వారికి తగిన చోటు దొరుకుతుంది.