ట్రైలర్‌ని ఎక్కడ వదిలి వెళ్ళాలి? ఫ్రిస్కో నుంచి న్యూ మెక్సికో దాకా

డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు ఉండే మనవాళ్ళు ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) కొనాలనుకుంటే ముందు అడిగేది ఏ కంపెనీది, ఎన్ని పడకలు అని. అడగాల్సింది మాత్రం దాన్ని ఎక్కడ పెడతాం అని. మా కమ్యూనిటీలో ట్రైలర్ డ్రైవ్‌వేలో ఉంటే హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం రావడానికి ఎంతోసేపు పట్టదు. సామాన్లు ఎక్కించుకోవడానికి, దింపుకోవడానికి ఇచ్చే గడువు తప్ప మిగతా ఏడాదంతా అది ఊరి చివర ఏదో స్టోరేజ్ లాట్‌లో పడి ఉండాల్సిందే. అంటే మనం దానిలో ఉండే రోజుల కంటే అది మన కళ్ళ ముందు లేని రోజులే ఎక్కువ. అందుకే ఈ న్యూ మెక్సికో ట్రిప్ గురించి రాసేటప్పుడు చూసిన చోట్లతో పాటు, ట్రైలర్‌ని ఎక్కడెక్కడ వదిలాం, ఆ చోట్లు ఎలా ఉన్నాయి అన్నది కూడా రాస్తున్నాను.

మొదట మేం పెట్టిన లాట్ పేరు చెప్పను. అద్దె తక్కువ. నేలంతా కంకర, చుట్టూ ఇనప వల కంచె, దాని వెనక ఖాళీ పొలం. గేటుకి కీప్యాడ్ ఉంది గానీ అద్దెకున్న వాళ్ళందరికీ ఒకటే కోడ్. చలికాలంలో ఒకసారి చూసొద్దామని వెళ్తే బ్యాటరీ పెట్టె మూత నేల మీద ఉంది. లోపల రెండు బ్యాటరీలూ లేవు, పక్కనుండే ప్రొపేన్ సిలిండర్లూ లేవు. కేబుళ్ళు పీకినట్టు లేవు, కట్టర్‌తో నున్నగా కత్తిరించి ఉన్నాయి. వరసలో మరో రెండు ట్రైలర్లదీ ఇదే పరిస్థితి. వెనక్కి నడిచి చూస్తే కంచెని మనిషి దూరేంత మేర కోసి, ఎవరికీ కనపడకుండా సన్నటి తీగతో మళ్ళీ కుట్టేశారు. తిరిగి రావాలన్న ఆలోచన లేకపోతే అంత శ్రద్ధ ఎందుకు? ఆఫీసులో అడిగితే కెమెరాలున్నాయన్నారు, కాకపోతే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుందట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ తర్వాత నెలలో ఇంకో కెమెరా పెట్టారు. అద్దె ఒప్పందంలో మాత్రం పోయినదానికి మా బాధ్యత లేదని ముందే రాసుకున్నారు. ఇది ఆ లాట్ ఒక్కదానికే ప్రత్యేకం కాదు, మేం తర్వాత చదివిన ప్రతి ఒప్పందంలోనూ ఆ వాక్యం ఉంది.

అప్పుడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. విషయం విని, "బ్యాటరీలతో సరిపెట్టుకున్నారు, నయం. చక్రాలున్న ఇల్లు కదా బాబూ, ఇంటినే లాక్కుపోతే ఏం చేసేవాళ్ళు?" అన్నారు. సరిగ్గా అదీ సమస్య. బ్యాటరీలు, సిలిండర్లు, జనరేటర్, సోలార్ ప్యానెళ్ళు పట్టుకుపోయేవాడు ఒక రకం. ట్రక్కుతో వచ్చి ట్రైలర్‌నే తగిలించుకుపోయేవాడు ఇంకో రకం. వీళ్ళిద్దరికీ ఒకే మందు పనిచేయదు.

కొత్త చోటు కోసం తిరిగినప్పుడు మూడు రకాలు చూశాం. పూర్తిగా గోడలు, షట్టర్ ఉన్న యూనిట్ అన్నిటికంటే మంచిది. లోపల ఏముందో బయటివాడికి తెలియదు, మన నార్త్ టెక్సస్ వడగళ్ళ నుంచీ రక్షణ. కానీ అద్దె మేం అంతకుముందు కట్టినదానికి రెండింతలు దాటింది, పైగా మా పొడవుకి సరిపోయేవి ఖాళీ లేవు, వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకోమన్నారు. రెండోది హైవే పక్కన, పైన రేకుల కప్పు, స్టేడియంలో వేసినన్ని లైట్లు. చూడగానే నచ్చేసింది. అయితే సాయంత్రం ఆఫీసు మూసేశాక అక్కడ మనిషన్నవాడు ఉండడు. దానికంటే పెద్ద లోపం గేటులో ఉంది. లోపలికి రావడానికి కోడ్ కావాలి, బయటికి వెళ్ళడానికి అక్కర్లేదు. బండి దగ్గరికి రాగానే సెన్సర్ చూసుకుని గేటు తనంతట తనే తెరుచుకుంటుంది. లోపలికి ఎవరి వెనకో దూరినవాడు ట్రైలర్ తగిలించుకుని దర్జాగా వెళ్ళిపోవచ్చు. ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు, మనమే నిలబడి చూడాలి.

మూడోది కొంచెం పాతది, ఆఫీసు గోడకి రంగు కూడా వెలిసిపోయింది. కానీ అద్దెకున్న ప్రతివాళ్ళకీ వేరే కోడ్, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అన్నది రికార్డవుతుంది, బయటికి వెళ్ళాలన్నా కోడ్ కొట్టాలి. మేనేజర్ కుటుంబం ఆ ఆవరణలోనే కాపురం ఉంటుంది. మాటల మీద నమ్మకం లేక రాత్రి పదింటికి కారేసుకుని వెళ్ళి గేటు ముందు ఊరికే ఆగాను. కాసేపటికే ఒక పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చి ఏం కావాలని అడిగాడు. మర్నాడు పొద్దున్నే అడ్వాన్స్ కట్టేశాం. కంచె పక్క స్లాట్ వద్దని, మధ్య వరసలో ఇమ్మని అడిగితే ఇచ్చారు కూడా.

తాళాల సంగతి. ట్రైలర్ ముందు భాగంలో ట్రక్కు బంతి మీద కూర్చునే కప్లర్ ఉంటుంది కదా, అందులోకి చౌకరకం బాల్ లాక్ పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది. గట్టిగా నాలుగు సుత్తి దెబ్బలకి అది ఊడొస్తుంది. కప్లర్ మొత్తాన్ని కప్పేసే మందపాటి ఉక్కు తాళాలు దొరుకుతాయి, ప్రూవెన్ ఇండస్ట్రీస్ వాళ్ళవి ఆ రకం. ధర చూస్తే గుండె జల్లుమంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువుకి కొంచెం నమ్మకం కలుగుతుంది. అది ఒక్కటే చాలదు. కప్లర్‌తో పనిలేకుండా సేఫ్టీ చైన్లు ట్రక్కుకి చుట్టి లాక్కుపోయే ఘనులున్నారు. అందుకని చక్రానికి ఒక వీల్ లాక్ కూడా వేశాం. బ్యాటరీతో నడిచే గ్రైండర్ ఉంటే ఏ తాళమైనా తెగుతుంది, కాదనను. కాకపోతే దానికి సమయం పడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, చెవులు చిల్లులు పడే చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినే మనిషి దగ్గర్లో ఉంటేనే ఆ తాళానికి విలువ. డబ్బులు పరిమితంగా ఉంటే ముందు చోటు మీద పెట్టండి, తర్వాతే తాళం మీద.

అన్నిటికంటే నన్ను అదరగొట్టింది సామాను అరల తాళంచెవి. మీ ట్రైలర్ కింది అరల తాళంచెవి మీద సీహెచ్ 751 అని ఉందేమో చూడండి. అమెరికాలో రకరకాల కంపెనీల ఆర్వీలకి (ఇలాంటి చక్రాల ఇళ్ళన్నిటికీ కలిపి అక్కడ వాడే పేరు) అదే తాళంచెవి. ఆన్‌లైన్‌లో కొన్ని డాలర్లకి ఎవరైనా కొనుక్కోవచ్చు. నమ్మకం లేక క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కాయన్ని అడిగి ఆయన అర మా తాళంచెవితో తెరిచాను. ఆయన మొహం చూడాలి! స్క్రూడ్రైవర్ తిప్పడం వచ్చిన ఎవరైనా ఆ లాకుల్ని ఒక్కపూటలో మార్చేసుకోవచ్చు.

ఇక ప్రయాణం. డెంటన్, డెకేటర్ మీదుగా యూఎస్ 287 పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ దాటాక ఎస్టెలీన్ దగ్గర తిరిగితే టర్కీ అనే ఊరి మీదుగా క్విటాక్వే వస్తుంది. అక్కడే కేప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్క్. టెక్సస్ రాష్ట్ర అడవిదున్నల మంద ఇక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంది, చార్లెస్ గుడ్‌నైట్ అనే రాంచర్ కాపాడిన దున్నల సంతానం ఇవి. హనీ ఫ్లాట్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్ళు ఉన్నాయి. పొద్దున్న తలుపు తీస్తే మా పిక్నిక్ బల్ల పక్కనే ఒక దున్న నిలబడి గడ్డి మేస్తోంది. కాఫీ లోపలే తాగాం. ఇక్కడ ట్రైలర్ వదిలి ట్రెయిల్‌కి వెళ్ళడానికి నాకు ఏ దిగులూ కలగలేదు.

పాలో డ్యూరో కూడా అంతే. అమరిల్లో దగ్గరున్న ఈ లోయ అమెరికాలో రెండో పెద్ద కాన్యన్ అంటారు. పది శాతం వాలున్న రోడ్డు మీద ట్రైలర్‌తో దిగాలి, చిన్న గేర్‌లో మెల్లగా దిగండి, బ్రేకుల్నే నమ్ముకోవద్దు. క్యాంపులకి వెళ్ళేదీ వచ్చేదీ ఆ ఒక్క దారే, ముందు పార్కు గేటు. పైగా క్యాంప్ హోస్టులు (క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉంటూ దాన్ని చూసుకునేవాళ్ళు) రోజూ తిరుగుతుంటారు. లైట్‌హౌస్ ట్రెయిల్ వెళ్ళిరావడం ఆరు మైళ్ళ దాకా, ఎండాకాలంలో తెల్లవారకుండానే బయల్దేరాలి. సౌకర్యాలు, ధర, భద్రత మూడూ కలిపి చూస్తే ఈ ట్రిప్‌లో నా ఓటు టెక్సస్ స్టేట్ పార్కులకే.

ఐ-40 మీద ఆల్బుకర్కీ చేరేసరికి లెక్క మారింది. తలసరి వాహన దొంగతనాల్లో 2016లో దేశం మొత్తంలో మొదటి స్థానం ఈ నగర ప్రాంతానిదే. అప్పటి సంగతే అనుకున్నా, అక్కడివాళ్ళు ఇప్పటికీ జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. మాకేమో శాంటా ఫేలో హోటల్లో ఉండాలని. 1610 నాటి ప్యాలెస్ ఆఫ్ ద గవర్నర్స్ వసారాలో స్థానిక తెగలవాళ్ళు నేల మీద దుప్పటి పరుచుకుని వెండి, టర్క్వాయిస్ నగలు అమ్ముతారు, మా ఆవిడ ఎప్పటినుంచో చూడాలంటోంది. ఆ పాత ఊరి సందుల్లో ట్రైలర్‌తో తిరగడం అసాధ్యం. హోటల్ పార్కింగ్‌లో వదలమని ఒకరు, తాత్కాలికంగా స్టోరేజ్ తీసుకోమని ఒకరు చెప్పారు. రెండూ కాదని, ఆల్బుకర్కీలో మనుషులు కిటకిటలాడే ఆర్వీ పార్కులో మామూలు సైటే తీసుకుని ట్రైలర్‌ని అక్కడే ఉంచాం. పడుకోని చోటుకి అద్దె కట్టడమేంటని ఇంట్లో కాసేపు చర్చ నడిచింది. కానీ పక్క సైటులో ఉన్న రిటైర్డ్ దంపతులకి ఫోన్ నంబర్ ఇచ్చి, "ఎల్లుండి వస్తాం, ఈలోపు ఎవరైనా దీన్ని ట్రక్కుకి తగిలిస్తుంటే అది మేం కాదు" అని చెప్పి వెళ్ళాం. స్టోరేజ్‌లో ఆ సౌకర్యం డబ్బులిచ్చినా రాదు.

ట్రాకర్ గురించి ఒక మాట. చాలామంది ఎయిర్‌ట్యాగ్ పడేసి ఊరుకుంటారు. చుట్టుపక్కల ఫోన్లున్నంతవరకు బాగానే పనిచేస్తుంది. కానీ తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోనే వాడికి చెప్పేస్తుంది, ఎడారి రోడ్ల మీద ఫోన్లే ఉండవు. మేం సొంత బ్యాటరీ, సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్ కూడా పెట్టాం, నెలనెలా చందా ఉంటుంది. ట్రైలర్ బ్యాటరీ మీదే ఆధారపడేది కొంటే, స్టోరేజ్‌లో బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసిన రోజు నుంచి అది కూడా నిద్రపోతుంది. పోయిన ట్రైలర్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపించినా మనం వెళ్ళకూడదు, పోలీసులకి చెప్పాలి. వాళ్ళు ముందడిగేది 17 అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య), అది ఫోన్‌లో ఉండాలి. ట్రైలర్ లోపల ఉంటే ట్రైలర్‌తోనే పోతుంది.

వైట్ శాండ్స్ నేషనల్ పార్కులో ఆర్వీ క్యాంపింగ్ లేదు. అలమగోర్డోకి దక్షిణాన ఆలివర్ లీ స్టేట్ పార్కులో దిగి, ట్రైలర్ అక్కడే ఉంచి ఇసుక తిన్నెలకి వెళ్ళాం. జిప్సం ఇసుక కాబట్టి మధ్యాహ్నం కూడా కాళ్ళు కాలవు, పిల్లలు ప్లాస్టిక్ పళ్ళాల మీద జారుతుంటే సాయంత్రం దాకా కదలనివ్వలేదు. మిసైల్ పరీక్షలున్నప్పుడు రోడ్డు మూసేస్తారు, ముందురోజు చూసుకోండి. ఇంకోటి, యూఎస్ 70 మీద బోర్డర్ పట్రోల్ (సరిహద్దు గస్తీ) చెక్‌పోస్టు ఉంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, ఐ-797 (వీసా ఆమోదపత్రం), గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డు ఒంటి మీదే ఉంచుకోండి. డబ్బులు పోతే సంపాదించుకోవచ్చు, ఆ కాగితాలు ట్రైలర్‌లో పెట్టి పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోవడానికి పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

కార్ల్స్‌బాడ్‌లో ఆర్వీ పార్కులు ఖరీదు, అందంగా కూడా లేవు. చమురు బావుల్లో పనిచేసేవాళ్ళు నెలల తరబడి వాటిలోనే ఉంటారు. దుమ్ము, పెద్ద ట్రక్కుల చప్పుడు. అయినా నేను హాయిగా పడుకున్నాను, ఎందుకంటే షిఫ్టుల మీద వెళ్ళేవాళ్ళతో అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు మెలకువగానే ఉంటారు. మేం చూడ్డానికి వచ్చిన కార్ల్స్‌బాడ్ కేవర్న్స్ గుహల్లో ఏడాది పొడవునా 56 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనం, స్వెటర్ తీసుకెళ్ళండి. లోపల బిగ్ రూమ్ అనే పెద్ద గుహ చుట్టూ నడక మైలుంపావు. ఆ రోజు ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించి ఉండగానే పార్కింగ్‌లో వదిలాం. అలాంటప్పుడు కూడా హిచ్ పిన్‌కి (బంతి ఉన్న కడ్డీని ట్రక్కుకి పట్టి ఉంచే పిన్), కప్లర్ గొళ్ళేనికి తాళాలు వేయాలి. లేకపోతే మన ట్రక్కు నుంచి విప్పుకుని వాళ్ళ ట్రక్కుకి తగిలించుకోవడమే.

ఇన్సూరెన్స్ మాట తిరుగుదారిలో ఎబిలీన్‌లో టీ దగ్గర వచ్చింది. ట్రక్కు పాలసీ ఉంది కదా అనుకుంటారు గానీ, అది లాగేటప్పుడు ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికే వర్తిస్తుంది. ట్రైలర్ పోతే డబ్బు రావాలంటే ట్రైలర్ పేరు మీద కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటి వాటికి వర్తించే కవరేజ్) ఉండాలి. చలికాలం వాడం కదా అని స్టోరేజ్ కవరేజ్‌కి మారితే కొలిజన్ (ఢీకొన్నప్పటి నష్టానికి కవరేజ్) తీసేసినా కాంప్రహెన్సివ్ మాత్రం తీయకండి, దొంగలు వచ్చేది అప్పుడే. లోపలి సామాన్లు చాలాసార్లు ఇంటి పాలసీ కిందకి వస్తాయి, డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) ఎంతో ముందే కనుక్కోండి.

ఇప్పుడు లాట్‌లో పెట్టేటప్పుడు బ్యాటరీలు విప్పి ఇంటి గరాజ్‌కి తెచ్చేస్తున్నాం. ప్రొపేన్ సిలిండర్లని గొలుసుతో కలిపి తాళం వేస్తున్నాం, ఎందుకంటే వాటిని గరాజ్‌లో పెట్టకూడదు. టీవీ తీసేసి, లోపల ఏమీ లేదని బయటికి తెలిసేలా కర్టెన్లు తెరిచే ఉంచుతున్నాం. రెండు వారాలకోసారి ఎవరో ఒకరం వెళ్ళి టైర్లలో గాలి, తాళాలు చూసి వస్తాం. కూరగాయలకి వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి సరిపోయింది.