పెళ్లి కెమెరాకి ఏ మెమరీ కార్డు మేలు: వీ30, వీ60, వీ90, లేక సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్?

తలంబ్రాలు జోరు మీదున్నప్పుడు కెమెరా వెనక ఎర్రలైటు ఆరకుండా వెలుగుతూ, షట్టర్ నొక్కినా పలకడం లేదంటే చాలాసార్లు తప్పు కార్డుది. అలాగని అన్నిటికన్నా ఖరీదైన కార్డు కొనేస్తే ఆ ఇబ్బంది తీరిపోదు. ముందు చూడాల్సింది మీ కెమెరా స్లాట్.

ఎస్‌డీ కార్డుల్లో వేగాన్ని బట్టి రెండు రకాలు: కార్డు మీద ఒక నిలువు గీత ఉంటే యూహెచ్‌ఎస్-1, రెండు గీతలుంటే యూహెచ్‌ఎస్-2. అచ్చు అరిగిపోతే వెనక్కి తిప్పండి: బంగారు రంగు పట్టీలు ఒకే వరసలో ఉంటే మొదటి రకం, రెండు వరసలుంటే రెండోది. మొదటిదాని గరిష్ఠ వేగం సెకనుకి 104 ఎంబీ, రెండోదానిది 312. యూహెచ్‌ఎస్-1 స్లాట్‌లో రెండు వరసల కార్డు పెట్టినా పనిచేస్తుంది, కానీ రెండో వరసని ఆ స్లాట్ ముట్టుకోదు. పెట్టిన అదనపు డబ్బు వృథా.

మరి కొన్ని యూహెచ్‌ఎస్-1 కార్డుల మీద 200 అని ఎలా వేస్తారు? అది చదివే వేగం, అదీ ఆ కంపెనీ సొంత రీడర్‌లో పెట్టినప్పుడే. కెమెరాలో 104 దాటదు. ఫొటోగ్రాఫర్‌కి కావలసింది రాసే వేగం. దాన్ని పెద్ద అంకెల్లో వేయరు. వీ అక్షరం పక్కనున్న 30, 60, 90 మాత్రం నమ్మొచ్చు: వీడియో తీస్తున్నంతసేపూ సెకనుకి అన్ని ఎంబీల కన్నా తగ్గకుండా రాస్తానన్న హామీ అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ రా ఫొటో (కుదించకుండా, సెన్సర్ చూసింది చూసినట్టు దాచే పెద్ద ఫైలు) ఒక్కోటి సుమారు 25 ఎంబీ అనుకోండి. సెకనుకి 10 చొప్పున కొడితే 250 ఎంబీ పుడుతుంది. బఫర్‌లో, అంటే కార్డుకి రాసేలోపు ఫొటోలు ఆగే కెమెరా లోపలి మెమరీలో, 40 ఫొటోలు పడతాయనుకుంటే, సెకనుకి 80 రాసే కార్డుతో ఆరు సెకన్లలో బఫర్ నిండిపోతుంది, ఖాళీ అవడానికి 12 సెకన్లు పైనే పడుతుంది. 150 రాసే కార్డుతో పది సెకన్లు కొట్టొచ్చు, ఏడు సెకన్లలోపే ఖాళీ. తేలినీలాపురంలో పెలికాన్లు ఎగిరేటప్పుడు, విజయనగరంలో సిరిమాను ముందునుంచి సాగిపోయేటప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జీలకర్ర బెల్లానికి నాలుగైదు ఫొటోల చొప్పున కొట్టేవాళ్లకి అసలు తెలియదు. కుదించిన చిన్న ఫైళ్లు, అంటే జేపెగ్‌లో తీసేవాళ్లకైతే వీ30 దాటి వెళ్లాల్సిన పనే లేదు.

వీడియోకి లెక్క ఇంకా సులువు: కెమెరా మెనూలో కనిపించే మెగాబిట్లని 8తో భాగించండి. 4కెలో 100 అయితే 12.5 ఎంబీ, వీ30కి తేలిక. 400 అయితే 50, వీ60 కావాలి. 600 అయితే 75, అప్పుడే వీ90. సోనీ ఏ7-4లో ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునీ విడిగా దాచే పద్ధతి) 4కె 60 ఫ్రేములు పెడితే ఈ 600 వస్తుంది. పెళ్లి వీడియోకి ఆ సెట్టింగ్ వాడితే కార్డు కన్నా ముందు హార్డ్‌డిస్కులు కొనలేక అలిసిపోతారు.

సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ అంటే ఎస్‌డీ కన్నా వేగమైన వేరే రకం కార్డు. దాని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, స్లాట్ ఉంటేనే కొనాలి. టైప్ ఏ చిన్నది, సోనీ కెమెరాలది. టైప్ బీ కెనాన్ ఆర్5, నికాన్ జెడ్6-2 లాంటివాటిది. ఒకదానిలో ఒకటి పట్టవు. టైప్ బీ కొలత పాత ఎక్స్‌క్యూడీ రకం కార్డుదే కాబట్టి కొన్ని నికాన్ కెమెరాల్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే రెండూ నడుస్తాయి. వేల కొద్దీ ఫొటోలు కంప్యూటర్‌కి దించుకోవడంలో దీని సుఖం వేరు, కానీ రీడర్ కూడా విడిగా కొనాలి.

రెండు స్లాట్లున్న కెమెరాలో రెండిటికీ ఒకేసారి రాయిస్తుంటే ఒక మెలిక ఉంది: నెమ్మదైన స్లాటే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. సోనీ ఏ7-3లో మొదటిది యూహెచ్‌ఎస్-2, రెండోది యూహెచ్‌ఎస్-1. పాత కెనాన్ 5డీ మార్క్ 3లో సీఎఫ్ (పాతకాలపు పెద్ద కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు) స్లాట్ చురుకైనదే, పక్కనున్న ఎస్‌డీ స్లాట్‌కి యూహెచ్‌ఎస్ వేగమే లేదు. అందుకని సీఎఫ్‌లో రా, ఎస్‌డీలో చిన్న జేపెగ్ పెట్టుకుంటే నయం. ఆ సీఎఫ్‌ని వంకరగా తోస్తే కెమెరా లోపలి సూదులు వంగుతాయి. ఆ రిపేరు ఖర్చుతో మంచి కార్డులు రెండు వస్తాయి.

సైజు విషయంలో మా ఓటు 64 జీబీలు రెండింటికి, 128 ఒక్కదానికి కాదు. ఒకటి పాడైనా సగం పెళ్లయినా మిగులుతుంది. 32 జీబీ కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది కాబట్టి వీడియో 4 జీబీకొక ముక్కగా తెగుతుంది. 100 మెగాబిట్లలో అయితే ఆరు నిమిషాల్లోపే ఒక ముక్క. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి పెళ్లి తీయొద్దు, సందు పెరిగినకొద్దీ కాంటాక్ట్ పోతుంది.

కొత్త కార్డు ఏ షాపులో కొన్నా, ఆర్డర్‌కి తీసుకెళ్లే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో నిండా రాసి, తిరిగి చదివించండి. దొంగ కార్డు 64 అని చెప్పుకుంటుంది, లోపల 8 ఉంటుంది. అది నిండాక తీసిన ఫొటోలు పేరుకి కనిపిస్తాయి, తెరుచుకోవు. 64 జీబీకి సెకనుకి 30 ఎంబీ చొప్పున రాయడానికే 35 నిమిషాలు పడుతుంది, తీరిక చూసుకుని పెట్టండి. టెస్ట్ అయ్యాక కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

కళింగపట్నం, బారువ బీచ్‌ల్లో షూట్ ఉన్నప్పుడు చెమట చేత్తో పట్టీలని ముట్టుకోకండి. పొరపాటున ఫొటోలు డిలీట్ అయితే ఆ కార్డులో మరొక్క ఫొటో కూడా తీయకుండా బయటికి తీసి, పోయిన ఫైళ్లని వెతికే ఫొటోరెక్ ప్రోగ్రాంతో వెతకాలి. ఎస్‌డీ పక్కనుండే లాక్ బుడిపె ఊడిపోతే కెమెరా రాయనని మొండికేస్తుంది. ఆ గాడి మీద పల్చటి సెల్లోటేపు ముక్క అంటిస్తే ఆ పూటకి గట్టెక్కొచ్చు, ఇంటికొచ్చాక ఆ కార్డు పక్కన పెట్టేయండి, టేపు స్లాట్‌లో ఊడితే తీయడం కష్టం.