టాబ్లెట్‌ని వర్చువల్ కెమెరాగా చాలాకాలం వాడాక నా మాట

అన్‌రియల్ ఇంజిన్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో సెట్ కట్టుకుని, టాబ్లెట్‌నే దాని కెమెరాలా చేత్తో పట్టుకుని గదిలో తిరుగుతూ షాట్లు ప్లాన్ చేసుకోవడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. లెన్స్, కెమెరా హైట్ తేల్చుకోడానికి ఇంతకంటే సుఖమైన పద్ధతి నాకైతే దొరకలేదు, కానీ కెమెరా మూవ్‌మెంట్ మాత్రం దీంట్లో చూసి ఓకే చేసేయకండి.

అన్నిటికంటే ముందు ఫిల్మ్‌బ్యాక్ (అంటే సాఫ్ట్‌వేర్‌లో కెమెరా సెన్సార్ సైజు) చూస్కోండి, కొత్తవాళ్లు దీని జోలికే పోరు. తీయబోయేది సెన్సార్ చిన్నగా ఉండే సూపర్ 35 కెమెరాతో అయినప్పుడు ఇక్కడ ఫుల్ ఫ్రేమ్ 36 మి.మీ. వెడల్పే వదిలేశారనుకోండి, 35 మి.మీ. లెన్స్ అడ్డంగా దాదాపు 54 డిగ్రీలు చూపిస్తుంది, తీరా స్పాట్‌లో అదే లెన్స్ వేస్తే వచ్చేది 39 డిగ్రీలే, వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం. ఇదొక్కటి సరిగ్గా పెట్టుకుంటే డైరెక్టరుకీ కెమెరామెన్‌కీ సగం వాదన ఆఫీసులోనే తేలిపోతుంది.

ట్రాకింగ్ సంగతి. టాబ్లెట్ తన కెమెరాకి కనిపించే గుర్తుల్నీ లోపలి మోషన్ సెన్సార్లనీ కలిపి తనెక్కడుందో లెక్కేసుకుంటుంది, అందుకే ఉత్త తెల్లగోడ వైపు తిప్పినా, లైటు తక్కువైనా ఫ్రేమ్ మెల్లగా పక్కకి జారిపోద్ది. గోడకి పాత పోస్టర్లు అంటించాక నాకు చాలావరకు తగ్గింది. కంప్యూటర్ నుంచి టాబ్లెట్‌కి పిక్చర్ వచ్చే వైఫైకి 5 గిగాహెర్ట్జ్, రౌటర్ అదే గదిలో. పిక్చర్ లేటుగా వస్తే పాన్ (కెమెరా పక్కకి తిప్పడం) ఆపాల్సిన చోటు దాటేస్తాం, పోనీ వణుకు పోవాలని స్మూతింగ్ పెంచితే ఆ లేటు ఇంకాస్త పెరుగుతుంది.

స్కేల్ 5 పెడితే మనం ఒక అడుగేస్తే అక్కడ కెమెరా అయిదడుగులు వెళ్తుంది, టాబ్లెట్‌ని మోకాళ్ల దగ్గర్నుంచి తల మీదకి ఎత్తితే జిమ్మీ (పొడవాటి చేతి క్రేన్) షాటే. భలే సరదాగా ఉంటుంది, చిక్కంతా కూడా అక్కడే: అరకిలో బరువున్నది టక్కున ఆగుతుంది, హెడ్డూ లెన్సూ బిగించిన అసలు కెమెరా అలా ఆగదుగా. నేనైతే రోల్ (ఫ్రేమ్ పక్కకి ఒరగడం) ఎప్పుడూ లాక్‌లోనే ఉంచుతా, ట్రాక్ అండ్ ట్రాలీ షాటైతే ఒక్క యాక్సిస్ (కదిలే దిశ) తప్ప మిగతావన్నీ లాక్, అప్పుడే గ్రిప్ వాళ్లు వేయగలిగిన ట్రాక్‌కి దగ్గరగా వస్తుంది.

స్క్రీన్ మీద జూమ్ స్లైడర్ ఉంటే టేక్ మధ్యలో బొటనవేలు తగిలి 35 కాస్తా 50 అయి కూర్చుంటుంది, దాన్ని దాచేసి లెన్సులు ప్రీసెట్లుగా పెట్టుకోండి. పెద్ద సైజు టాబ్లెట్ అయితే రెండువైపులా హ్యాండిల్స్ కూడా తీసుకోండి, లేకపోతే మధ్యాహ్నానికే మణికట్లు లాగేస్తాయి.